ఎడమకి వంచి విసిరితే తిన్నగా వెళ్ళింది

అమెరికాలోని షార్లెట్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక పార్కులో డిస్క్ గోల్ఫ్ కోర్సు ఉంది. బంతికి బదులు ప్లాస్టిక్ పళ్ళెం, గుంతకి బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. ఎంత తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే అంత గొప్ప. టికెట్టు లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. పొద్దున్న ఆఫీసు మీటింగులు మొదలయ్యేలోపు ఒక రౌండు అయిపోతుంది.

ఆ కోర్సులో ఐదో బుట్ట నన్ను ఏడాదికి పైగా ఏడిపించింది. మొదటి విసురు విసిరే టీ ప్యాడ్ నుంచి సుమారు 300 అడుగులు. రెండువైపులా పైన్ చెట్లు, మధ్యలో లారీ పట్టేంత సందు. కుడిపక్క వాగు. నేలంతా ఎర్రమట్టి, వాన పడితే బూట్లకి అచ్చం మా ఊళ్ళోలాగే అంటుకుంటుంది. ఎండాకాలంలో పొదల్లో కాపర్‌హెడ్ పాములుంటాయి కాబట్టి, పోయిన డిస్కు కోసం చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి చూడాలి. నేను తట్టినన్ని పొదలు ఆ పార్కులో ఇంకెవరూ తట్టి ఉండరు.

తప్పు మొదటిరోజు షాపులోనే జరిగింది. గోడ నిండా రంగురంగుల డిస్కులు, ఒక్కోదాని మీద నాలుగు అంకెలు. మొదటిది స్పీడ్, రెండోది గ్లైడ్, అంటే గాల్లో ఎంతసేపు తేలుతుందని. మూడోది టర్న్, వేగంగా వెళ్తున్నప్పుడు ఎంత కుడికి ఒరుగుతుందని; మైనస్ ఎంత పెద్దదైతే అంత కుడికి. నాలుగోది ఫేడ్, వేగం తగ్గాక ఎంత ఎడమకి దిగుతుందని. ఇదంతా కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఛాతీకి అడ్డంగా లాగి విసిరేవాళ్ళ లెక్క, ఎడమచేతివాళ్ళకి అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. నాకప్పుడు ఇవేవీ తెలియవు. పెద్ద అంకె చూసి ఇనోవా అనే కంపెనీ చేసే డిస్ట్రాయర్ డిస్కు కొన్నాను: 12, 5, -1, 3. మనవాళ్ళం కదా, మార్కులెక్కువ ఉన్నదే తెలివైనదనుకుంటాం. ఆ 12 డిస్కు ఇచ్చే వేగం కాదు, నా చేతిని అడిగే వేగం అని అర్థం కావడానికి నెలలు పట్టింది.

అడిగినంత ఇవ్వలేకపోతే ఏమవుతుందో ఐదో బుట్ట దగ్గర రోజూ చూశాను. 150 అడుగుల దాకా బాగానే పోయేది. తర్వాత ఎవరో పిలిచినట్టు ఎడమకి తిరిగి చెట్ల వెనక్కి దిగిపోయేది. ఎంత బలంగా విసిరితే అంత బలంగా అదే చెట్టుకి తగిలేది.

ఆ కోర్సులో రోజూ ఆడే పెద్దాయనొకరు ఉన్నారు. రిటైరైన ఎలక్ట్రీషియను, డెబ్భై దగ్గర పడుతున్న మనిషి. ఓ రోజు నా విసుర్లు చూసీ చూసీ, తన సంచీలోంచి అంచులన్నీ గీతలు పడిన ఒక లెపర్డ్ డిస్కు తీసి ఇచ్చారు. దాని అంకెలు 6, 5, -2, 1. స్పీడ్ 6 చూసి నాకు చిన్నతనంగా అనిపించింది. విసిరితే చక్కగా కుడికి తిరిగి, ఇంకా తిరిగి, వాగులో పడింది. నేను దిగి తెచ్చేదాకా ఆయన నవ్వుతూనే ఉన్నారు.

“బల్లపరుపుగా విసరకు. ఎడమ అంచు కిందికి వంచి విసురు” అన్నారు. ఆ వంపునే హైజర్ అంటారు. అసలే ఎడమకి పోయే రోగం నాది, మళ్ళీ ఎడమకే వంచమంటాడేంటి అనుకుంటూనే విసిరాను. డిస్కు చేతిలోంచి వాలుగానే బయల్దేరింది. ముప్ఫై నలభై అడుగులు పోయాక ఎవరో కింద చెయ్యి పెట్టి లేపినట్టు ఎడమ అంచు మెల్లగా పైకి లేచింది. పూర్తిగా బల్లపరుపు అయింది. అక్కణ్ణించి ఆ సందులో దారం లాగినట్టు తిన్నగా పోయింది. చివర్లో చిన్నగా ఎడమకి వాలి, బుట్టకి ఇరవై అడుగుల దూరంలో కూర్చుంది. బలమంతా పెట్టి కూడా విసరలేదు. దాన్నే హైజర్ ఫ్లిప్ అంటారని ఆయన తర్వాత చెప్పారు.

ఇంటికొచ్చి ఇదెలా జరిగిందని తెగ చదివాను. చివరికి నాకు అర్థమైంది చిన్నప్పటి బొంగరంతోనే. గిర్రున తిరిగే బొంగరాన్ని పుల్లతో ఒకవైపు నెడితే అది నెట్టినవైపు ఒరగదు, పక్కకి ఒరుగుతుంది. డిస్కూ అంతే. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో అది పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. వేగం ఎక్కువున్నంతసేపు గాలి దాని వెనక భాగాన్ని కాస్త ఎక్కువ లేపుతుంది. ముక్కు కిందికి పోవాల్సింది పోయి, తిరుగుడు వల్ల డిస్కు కుడికి ఒరుగుతుంది. వేగం తగ్గాక గాలి ముందు భాగాన్ని లేపడం మొదలుపెడుతుంది, అప్పుడు ఎడమకి. అండర్‌స్టేబుల్ డిస్కు అంటే ఈ మొదటి ఒరుగుడు ఎక్కువగా ఉన్నది. ఎడమకి వంచి విసిరితే ఆ ఒరుగుడంతా వంపుని సరిచెయ్యడానికే ఖర్చైపోతుంది, కుడికి తిరగడానికి ఇంకేమీ మిగలదు.

తెలిసినంత మాత్రాన చెయ్యి వింటుందా? తర్వాత రెండు నెలలు ఆదివారాలు స్కూలు గ్రౌండ్‌లోనే గడిచాయి. పదిసార్లు విసిరితే రెండుసార్లు ఫ్లిప్ అయ్యేది. మిగతా ఎనిమిదీ ఎడమకే. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసుకుని చూస్తే రెండు తప్పులు దొరికాయి. ఒకటి, నేను మణికట్టు వంచుతున్నాను. వంచాల్సింది నడుము. ఛాతీ ముందుకి వాలితే చెయ్యీ డిస్కూ ఒకే వాలులో వస్తాయి. మణికట్టు ఒక్కటే వంచితే వదిలే క్షణంలో అది మళ్ళీ తిరిగిపోతుంది, డిస్కు గజగజలాడుతూ పోతుంది. రెండోది ముక్కు. డిస్కు ముందంచు పైకి లేచి ఉంటే ఎంత అండర్‌స్టేబుల్ డిస్కయినా ఫ్లిప్ అవ్వదు, గాల్లో ఆగిపోయి ఎడమకి కూలుతుంది. బొటనవేలిని పైన గట్టిగా అదిమి, ఛాతీకి అడ్డంగా ఒకే ఎత్తులో లాగడం అలవాటయ్యేసరికి పదిలో ఆరు కుదిరాయి. “పళ్ళేలు విసరడానికి ఇంత చదువా అండీ?” అంది మా ఆవిడ, సోఫాలో తువ్వాలుతో ప్రాక్టీసు చేస్తుంటే. ఇంట్లో అద్దం ముందు డిస్కు పట్టుకోవడం ఆవిడే మాన్పించింది.

ఇక డిస్కుల ఎంపిక. ఇందులో నేను డబ్బు తగలేసిందే ఎక్కువ. లెపర్డ్ బాగుంది కదా అని ఇంకా టర్న్ ఉన్న రోడ్‌రన్నర్ కొన్నాను: 9, 5, -4, 1. ఎంత వంచినా నా చేతికది బల్లపరుపు దగ్గర ఆగకుండా తిరిగిపోయేది. ఇప్పుడు దాన్ని నేల మీద దొర్లించే విసుర్లకి వాడుతున్నాను, దానికి మాత్రం బంగారం. ఒకే మోడల్ అయినా తేలికది త్వరగా లేస్తుంది. 175 గ్రాములది మొరాయించే చోట 160ల్లోది హాయిగా లేచింది. ప్లాస్టిక్ కూడా ముఖ్యమే. ఇనోవాలో డీఎక్స్ రకం చవక, చెట్లకి తగిలి త్వరగా అరుగుతుంది. చాంపియన్, స్టార్ రకాలు గట్టివి. 1983లో డేవ్ డునిపేస్ ఈగిల్ డిస్కుకి ఏటవాలు అంచు పెట్టినప్పటినుంచీ ఆ అంచుదే ఈ ఆటంతా. అది అరిగేకొద్దీ డిస్కు అండర్‌స్టేబుల్ అవుతుంది. బంతి పాతబడ్డాక వేరేవైపు స్వింగ్ అయినట్టు. అందుకే పెద్దాయనిచ్చిన పాత లెపర్డ్ అంత బాగా లేచేది. అదే మోడల్ కొత్తది కొనుక్కొచ్చి విసిరితే నాకు సగమే లేచింది, షాపువాడు మోసం చేశాడనుకున్నాను.

ఎదురుగాలిలో మాత్రం హైజర్ ఫ్లిప్ జోలికి పోను. ఎదురుగాలికి డిస్కు ఇంకా వేగంగా వెళ్తున్నట్టే లెక్క, బల్లపరుపు దాటి వాగులోకే. అలాంటప్పుడు అంత తేలిగ్గా కుడికి ఒరగని టీబర్డ్ డిస్కు తీసి నేరుగా విసిరేస్తాను. వెనకగాలిలో లెపర్డ్‌ని ఇంకాస్త తక్కువ వంచుతాను.

డిస్ట్రాయర్ మీద నా కోపం అక్టోబర్లో పోయింది. మాకు దక్షిణాన రాక్ హిల్‌లో, వింత్రాప్ యూనివర్సిటీ కోర్సులో, 1999 నుంచి యునైటెడ్ స్టేట్స్ డిస్క్ గోల్ఫ్ చాంపియన్‌షిప్ జరుగుతోంది. మావాణ్ణి తీసుకుని ఒకరోజు చూసొచ్చాను. అక్కడ ఒక ఆటగాడు నాది లాంటి డిస్ట్రాయర్‌నే బాగా ఎడమకి వంచి విసిరాడు. అది లేచి, బల్లపరుపై, నేను చూస్తుండగానే నీళ్ళ అవతలికి పోయింది. నా చేతిలో ఎప్పుడూ ఎడమకి కూలే డిస్కు ఆ చేతిలో హైజర్ ఫ్లిప్ అయింది. “నాన్నా, నీ దగ్గర కూడా అదే ఉంది కదా?” అన్నాడు మావాడు. ఉంది, అటక మీద.

పోయిన నెల పెద్దాయనిచ్చిన లెపర్డ్ ఐదో బుట్ట దగ్గరే వాగులో పోయింది. వెనకవైపు నా ఫోన్ నంబరు రాసే ఉంది, ఇక్కడ దొరికినవాళ్ళు మెసేజ్ పెట్టడం మామూలే. వారం చూశాను, రాలేదు. కొత్త డీఎక్స్ లెపర్డ్ కొన్నాను. అంచు త్వరగా అరగాలని మావాడూ నేనూ సాయంత్రాలు పార్కులో పెద్ద పైన్ చెట్టుకేసి కొడుతున్నాం. ఇంకా గట్టిగానే ఉంది. నిన్న ఐదో బుట్టకి మూడొంతుల దూరం తిన్నగా పోయి, తర్వాత ఎడమకి తిరిగింది.