ఫారంలో లేని ఆకు

పొద్దున బడికి వెళ్తూ గెడ్డ దాటే చోట కాలు జారింది. సాయంత్రానికి చీలమండ వాచి చెప్పులో పట్టలేదు. ఊరి అటవీ హక్కుల కమిటీ వాళ్లకి ఇవాళ కూర్చుంటానని మాటిచ్చాను గనక కుంటుకుంటూనే పనస చెట్టు కిందికి పోయాను.

పని ఫారం-సి నింపడం. ఊరుమ్మడి అడవి మీద గ్రామసభ హక్కు కోరే దరఖాస్తు అది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి ఇన్నేళ్లయినా మా పాడేరు వైపు పోడు పట్టాల గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఏ ఆధారాలు చూపాలో ఆ చట్టం 2008 నిబంధనల్లో పదమూడోది చెబుతుంది. దాన్ని తెలుగు చేసి గట్టిగా చదివాను: దుంపలు తవ్వుకునే చోట్లు, నీటి వనరులు, దేవుడి చెట్లు, తోపులు, శ్మశానాలు, మూలికా వైద్యులు మందులు సేకరించే ప్రాంతాలు. ఢిల్లీలో ఈ ఆఖరి మాట రాసినవాళ్లెవరో గానీ, వాళ్లకి ఒక దండం. మా ఊరి దిసారి, అంటే మూలికల వైద్యం చేసే తాత, మొహం వెలుగుతుందనుకున్నాను.

ఆయన చుట్ట పక్కన పెట్టి, "మందు ఎక్కడుందో కాయితం మీద ఎక్కించీకు" అన్నాడు.

కొండ మీద 'మీరు' అనే మాట తక్కువ. అందులో అగౌరవమూ లేదు. కానీ ఆ గొంతులో కోపం మాత్రం ఉంది. కుర్రాళ్లు నచ్చజెప్పబోయారు. ఒడిశాలో బాక్సైట్ గని రాబోయిన నియమగిరి కొండ కథ చెప్పారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ కొండ మీది దేవుడి హక్కు సంగతి గ్రామసభలే తేల్చాలంది. ఆ వేసవి దాటాక 12 ఊళ్లు కూర్చుని, 12కి 12 బాక్సైట్ వద్దన్నాయి. అక్కడి డోంగ్రియా కోందు గిరిజనులదీ మా ఊరివాళ్లదీ ఒకటే కువి భాష కాబట్టి ఈ కథ మావాళ్లకి చుట్టాలింటి కబురులా ఉంటుంది. "చెప్పకపోతే కొండ మనదని ఎలా తెలుస్తాది తాతా?" అన్నాడొకడు. ఇటువైపు కొండల్లో బాక్సైట్ తవ్వకాలకి 2015లో 97 నంబరు జీవో వచ్చినప్పుడు వాడు నా దగ్గర ఐదో తరగతి.

తాత నరమామిడి చెట్టు సంగతి ఎత్తాడు. విరిగిన ఎముకకి కట్టు కట్టేది ఆ చెక్కతోనే. తను చెట్టుకి ఒకవైపే, అరచేయంత చెక్క తీసేవాడట. తర్వాత అది అగరబత్తుల్లోకి పనికొస్తుందని వర్తకులకి తెలిసింది. కిలోల లెక్కన కొంటామన్నారు. మనవాళ్లే మొదలు నుంచి చుట్టూ ఒలిచేశారు. చుట్టూ ఒలిస్తే చెట్టు బతకదు. "చోటు చెప్పింది నానే" అన్నాడు. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నాకు జవాబు తట్టలేదు. చూపించకపోతే ఆధారం లేదు, చూపిస్తే మందు ఉండదు. మైదానంలో పుట్టి పద్నాలుగేళ్లుగా ఇక్కడ పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఏ పక్షాన మాట్లాడాలి?

దారి చూపించింది కమిటీలోని ఒక అక్క. చోట్లు వద్దు, గెడ్డ దగ్గర్నుంచి జాకర దేవత తోపు మీదుగా శిఖరం దాకా వాలు మొత్తం గీసి, 'దిసారి మందుల కొండ' అని ఒక్క మాట రాయమంది. అంతే రాశాం. తాత పటం తీసుకుని అటూ ఇటూ చూసి, తలకిందులుగా తిప్పి పెట్టుకున్నాడు. నేను ఉత్తరం పైకి పెట్టి గీశాను. ఆయన గుమ్మంలోంచి చూస్తే కొండ దక్షిణాన ఉంటుంది మరి.

లేచేటప్పుడు నా నడక చూసి ఇంటికి తీసుకుపోయాడు. నల్లేరు దంచి, ఇంకేదో ఆకు కలిపి, వెచ్చచేసి గుడ్డతో బిగించాడు. రేపటికీ వాపు తగ్గకపోతే పెద్దాసుపత్రికి పోయి ఎముక ఫొటో తీయించమన్నాడు.

ఆ రెండో ఆకు పేరడిగాను.

"నీ ఫారంలో ఆ గడి నేదు కదా మేస్టారూ" అని నవ్వాడు.