జానపద పాట వీడియో: పద్ధతి ఎక్కడ విరవాలి?

పచ్చటి పొలం, వరసకట్టిన డాన్సర్లు, చరణానికో చీర. జానపద ప్రైవేట్ పాట అనగానే చూసేవాళ్లు ఎదురుచూసేవి ఇవే. గుంటూరు, విజయవాడ కాలేజీ కుర్రాళ్లు కొందరు వీటిని మొదటి షాట్‌లోనే పక్కన పెట్టేస్తారు. అప్పుడది ప్రయోగంలా ఉండదు, డబ్బుల్లేక తీసినట్టుంటుంది. మొదటి చరణం దాకా పద్ధతిగానే నడపండి, డప్పు దెబ్బకో కట్ వేస్తూ. నిమిషానికి 100 బీట్ల పాటైతే, సెకనుకి 30 ఫ్రేముల ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో బీటుకి సరిగ్గా 18 ఫ్రేములు.

రెండో చరణంలో అదే చీరతో ఒక్క అమ్మాయిని విజయవాడ బీసెంట్ రోడ్డు రద్దీలో నిలబెట్టండి. కట్ వద్దు, ఒకే షాట్. పాటను రెట్టింపు వేగంతో వినిపిస్తూ 60 ఫ్రేముల్లో తీసి, 30కి సాగదీస్తే పెదాలు పాటతో కలుస్తాయి, జనం మాత్రం తేలుతున్నట్టు నడుస్తారు. ఆ వేగానికి పూర్తి స్టెప్పులు పడవు, చేతుల కదలికలతో సరిపెట్టాలి (అదే బాగుంటుంది కూడా).

రాత్రయితే షట్టర్ వేగం 1/100 సెకను దగ్గర లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో లైట్ల వెలుగు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఆటో మోడ్‌లో వదిలేస్తే షాపుల లైట్లు మిణుకుతాయి. ఫోన్ ఫుటేజీలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. స్థిరమైన రేటుకి మార్చాకే ఎడిట్‌లో పెట్టండి, లేదంటే చరణం చివరికొచ్చేసరికి పెదాలు తప్పుతాయి.