పిల్లలకు మొదటి కుట్టుమిషను: ముందు చూడాల్సింది వేగం

పిల్లకో పిల్లాడికో కుట్టు నేర్పుదాం అనుకోగానే చాలామంది చూపు బొమ్మ మిషన్ల మీదికి పోతుంది. చిన్నగా, ముద్దుగా ఉంటాయి, బ్యాటరీతో నడుస్తాయి. దయచేసి కొనకండి. వాటిలో చాలావాటికి కింద బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం) ఉండదు, ఒక్క పైదారంతోనే గొలుసుకుట్టు వేస్తాయి. చివర ముడి వేయకపోతే, బస్తా మూతికుట్టు విప్పినట్టు ఒక్క లాగుకి కుట్టంతా సర్రున ఊడొచ్చేస్తుంది. రెండు మూడు పొరలు పెట్టేసరికి మోటారు మూలుగుతుంది, దారం తెగుతుంది. తప్పు మిషనుది. కానీ పిల్ల మాత్రం తనకే చేతకావట్లేదని అనుకుంటుంది, నాకు బాధ కలిగించేది అదే.

కాబట్టి అసలు మిషనే కొనండి. తిన్నని కుట్టు, జిగ్‌జాగ్, రివర్స్ (వెనక్కి కుట్టడం) ఉంటే చాలు. యాభై రకాల డిజైన్ కుట్లు మొదటి ఏడాదిలో వాడేదే ఉండదు. లోపల ఇనుప ఫ్రేము ఉండాలి. బరువు ఐదారు కిలోలుంటే కుట్టేటప్పుడు బల్ల మీద జరగదు. మరీ తేలిక మిషను గుడ్డతో పాటు తానూ కదులుతుంది.

అన్నిటికంటే ముఖ్యం వేగం. గరిష్ఠ వేగాన్ని తగ్గించి పెట్టే మీట ఉన్నది దొరికితే కళ్ళు మూసుకుని అదే తీసుకోండి. పెడల్ ఎంత గట్టిగా తొక్కినా మిషను ఆ హద్దు దాటదు. మీట లేకపోతే పెడల్‌ని స్వయంగా పరీక్షించాలి. గుడ్డను నాలుగు పొరలు మడిచి, మెల్లగా తొక్కండి. మంచి మిషను ఒక్కో కుట్టూ వేసుకుంటూ పోతుంది. నాసిరకంది ముందు గుంయ్‌మని ఆగిపోతుంది, ఇంకాస్త తొక్కగానే ఒక్కసారి దూకుతుంది. పిల్లలు బెదిరేది ఆ దూకుడికే. చేత్తో తిప్పే పాత మిషను మంచి స్థితిలో ఉంటే అదీ బాగుంటుంది. చెయ్యి ఆపితే సూది ఆగుతుంది. అయితే గుడ్డ పట్టుకోవడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది గనుక మొదట్లో పెద్దవాళ్ళు చక్రం తిప్పిపెట్టాలి.

బాబిన్ పైనుంచి వేసే రకం పిల్లలకు సులువు. పారదర్శకమైన మూతలోంచి దారం ఎంత మిగిలిందో కనబడుతుంది. ముందువైపు కేసులో పెట్టేదైతే టక్‌మని కూర్చుందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. సూది 130/705 హెచ్ రకం పట్టేలా ఉండాలి. ఇళ్ళలో వాడే మిషన్లలో ఎక్కువ వాటికి ఇదే, దొరకడమూ తేలికే. పలుచని నూలుకు 80, మామూలు నూలుకు 90, జీన్స్‌కు 100 నంబరు. వేళ్ళు సూది కిందికి పోకుండా ఫుట్ (గుడ్డను అదిమిపట్టే లోహపు పాదం) ముందు బిగించే అడ్డుకమ్మి మీరు కొనే మోడల్‌కు దొరుకుతుందేమో అడగండి.

కొనేముందు పైన ఒక రంగు దారం, బాబిన్‌లో ఇంకో రంగు వేసి కుట్టించండి. పైవైపు కింది రంగు చుక్కలు కనబడితే పై టెన్షన్ (పైదారం బిగువు) ఎక్కువైనట్టు, అడుగున పైరంగు కనబడితే తక్కువైనట్టు. డయల్ తిప్పితే సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఆ మిషను వద్దు.

ఇంటికి తెచ్చాక అందరికీ ఎదురయ్యే తంటా ఒకటుంది. గుడ్డ అడుగున దారం పక్షిగూడులా చిక్కుపడుతుంది. అందరూ బాబిన్‌ని తిడతారు గానీ, చాలాసార్లు కారణం పైదారమే. ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే దారాన్ని నొక్కిపట్టే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగదు. పట్టు లేని దారం కిందికి పోయి గుట్టపడుతుంది. ఫుట్ ఎత్తి, దారం మొత్తం తీసేసి, మళ్ళీ ఎక్కించండి. ఎక్కించాక ఫుట్ దించి దారాన్ని లాగి చూడండి. చేతికి గట్టిగా తగలాలి. ఈ ఒక్క పరీక్ష పిల్లలకు మొదటి రోజే నేర్పితే సగం ఏడుపులు తప్పుతాయి.

సూది విరగడానికి ముఖ్య కారణం గుడ్డను వెనక నుంచి లాగడం. సూది వంగి ప్లేటుకు కొట్టుకుంటుంది. గుడ్డను జరిపే పని కింది పళ్ళది, చేతులది దారి చూపడమే.

మొదటి పాఠానికి దారమే వద్దు. గీతల కాగితం మీద ఉత్త సూదితో గీత వెంట కుట్టించండి. ముందు తిన్నని గీతలు, తర్వాత మూలలు: సూది కాగితంలోనే దించి ఉంచి, ఫుట్ ఎత్తి, కాగితం తిప్పి, ఫుట్ దించడం. కాగితానికి వాడిన సూది మొద్దుబారుతుంది, దాన్ని పక్కన పెట్టి గుడ్డకు కొత్తది వేయండి. కాలు అందకపోతే పెడల్ కింద గట్టి పెట్టె, దాని మీద జారని రబ్బరు చాప. పాదం మడమతో సహా ఆనాలి. వేలాడే కాలికి వేగం అదుపులో ఉండదు.