ఒకే పిట్టకు రెండు పేర్లు

మార్చి 23, ఆదివారం

ఐదింటికి లేచేసరికి అమ్మాయి అప్పటికే లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. రేపే పరీక్ష. నన్ను చూసి "నువ్వెళ్ళు నాన్నా, ఇంట్లో ఉంటే టీవీ పెడతావ్" అంది. ఇక ఎవర్నీ అడగక్కర్లేదు. కెమెరా సంచి భుజానేసుకుని ఉప్పలపాడు బయల్దేరాను. గుంటూరులో మా ఇంటి నుంచి బండి మీద పాతిక నిమిషాలు.

జనవరిలో ఇదే దారిలో మంచుకి హెల్మెట్ అద్దం తుడుచుకుంటూ, లారీ ఎక్కడుందో తెలీక హారన్ కొట్టుకుంటూ వెళ్ళాను. ఇవాళ ఆరున్నరకే వీపు చురుక్కుమంటోంది. ఎక్కడో వేపచెట్టులోంచి కోయిల ఒకటే అరుపు.

ఊళ్ళో చెరువు. చెరువులో దిబ్బల మీద సర్కారు తుమ్మ చెట్లు, ఆ చెట్ల మీద ఆకుల కంటే కొంగలే ఎక్కువ. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. చలికాలంలో ఈ వాసన ఓర్చుకోవచ్చు. ఎండ ముదిరాక చేపలూ రెట్టలూ కలిసిన ఆ ఘాటు గొంతులోకి దిగుతుంది. ఫోటోకి వాసన ఉండదు కనక చూసినవాళ్ళంతా "అబ్బ, ఎంత బావుందో" అంటారు.

గూడబాతు పిల్ల తల్లి మూతి సంచిలోకి తలంతా దూర్చి తింటోంది. పిల్ల అంటే పిల్ల కాదు, ఇంచుమించు తల్లంత ఉంది. ఆ కుమ్ములాట చూస్తే తల్లిని మింగుతోందేమో అనిపిస్తుంది. ఒక కొమ్మ మీద ఎర్రకాళ్ళ కొంగ రెక్కలు సగం విప్పి గొడుగులా నిలబడింది. దాని నీడలో రెండు బూడిదరంగు పిల్లలు. ఎండ జరిగినకొద్దీ తనూ కొంచెం కొంచెం జరుగుతోంది. పావుగంట చూశాను. తీసింది నాలుగే ఫోటోలు.

ఇంతలో ఇద్దరు కుర్రాళ్ళు నాకంటే రెండింతలు పొడవున్న లెన్సులతో వచ్చారు. కాసేపు చూసి, ఒకడు చప్పట్లు మొదలెట్టాడు. కొంగలు లేస్తే ఎగిరే ఫోటో వస్తుందని. నాకు ఒళ్ళు మండింది. పెద్దది లేచిందంటే కింద పిల్లలకి నీడ పోతుంది. చెబుదామని నోరు తెరిచేలోపే గట్టు మీద గేదెలు తోలుకెళ్తున్న పెద్దాయన "ఏం బాబూ, మీ ఇంట్లో పసిపిల్లని కూడా ఇట్టాగే లేపుతారా?" అన్నాడు. నేను పది నిమిషాలు చెప్పినా అంత పని జరిగేది కాదు.

పక్కన ఒక కుటుంబం. తండ్రి పిల్లాడికి చెబుతున్నాడు: ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయని. మనవైపు నీళ్ళ దగ్గర పెద్ద కొంగ కనిపిస్తే చాలు, దాని సొంతూరు సైబీరియా అనేస్తారు. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఈ దేశం పక్షులే. నీళ్ళున్నచోటికి, చేపలున్నచోటికి తిరుగుతాయి, అంతే. నిజంగా ఉత్తరాన ఎక్కడి నుంచో చలికి పారిపోయి వచ్చే సూదితోక బాతుల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. నేనేమీ అనలేదు. పిల్లాడి కళ్ళు మెరుస్తున్నాయి, ఎందుకు చెడగొట్టడం.

ఎనిమిదిన్నర దాటాక నీళ్ళ మీద గాలి వణకడం మొదలైంది. దూరం నుంచి తీసిన ఫోటోలన్నీ తడి గాజు వెనకాల ఉన్నట్టు వచ్చాయి. ఇది లెన్సు తప్పనుకుని రెండేళ్ళ కిందట సర్వీసింగుకి డబ్బులు తగలేశాను. వేడికి గాలి కదిలితే ఏ లెన్సయినా అంతే. ఒక్కో కాలానిది ఒక్కో పేచీ. వానాకాలంలో వెలుతురు చాలక ఐఎస్ఓ (మసక వెలుతుర్లోనూ ఫోటో పడేట్టు చేసే కెమెరా మీట) పెంచితే ఫోటో ఇసక చల్లినట్టు ఉంటుంది. పైగా లెన్సులో బూజు. అందుకే చెప్పుల డబ్బాల్లో వచ్చే, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలన్నీ మా ఇంట్లో నావే. మా ఆవిడ ముందు నవ్వేది, ఇప్పుడు తనే దాచిపెడుతోంది.

ఇంటికొచ్చి ఇడ్లీ తిని కూర్చుంటే కరెంటు పోయింది. లాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది, డిస్కులో చోటు లేదు. పనికిరాని ఫోటోలు తీసేద్దామని మొదలెట్టాను. పెరట్లో మందార చెట్టు దగ్గర తీసినవి ముందు. కిటికీలోంచి, కాఫీ తాగుతూ తీసినవి. ఒక్కటీ ఎవరికీ చూపించేలా లేదు. నెలవారీగా పెట్టుకుని ఒక్కొక్కటే చెరిపేస్తున్నాను. అక్టోబరు: పసుపు పొట్ట, గొంతు నుంచి కిందికి నల్ల చార. డిసెంబరు: అదే కొమ్మ, పసుపు మీద అక్కడక్కడ సిరా చిమ్మినట్టు నల్ల మచ్చలు. ఫిబ్రవరి: అదే కొమ్మ మీద నల్లటి తేనెపిట్ట.

చెయ్యి ఆగిపోయింది. నోటుబుక్కు తీసి చూసుకున్నాను. రెండేళ్ళుగా నేను "చార తేనెపిట్ట" అని ఒకటి, "నల్ల తేనెపిట్ట" అని ఒకటి, వేరువేరుగా లెక్క రాసుకుంటున్నాను. రెండూ ఒకటే! జత కట్టే కాలం అయిపోగానే మగది ఆ మెరుపు ఈకలన్నీ రాల్చేసి, ఇంచుమించు ఆడదానిలా పసుపు బట్టల్లోకి దిగుతుంది, ఆ ఒక్క చార మిగుల్చుకుని. మళ్ళీ చలికాలంలో మెల్లగా నల్లబడుతుంది. పుస్తకంలో ఎప్పుడో చదివిందే. చదవడం వేరు, మన పెరట్లో మన కొమ్మ మీద మనమే బోల్తా పడటం వేరు. సిగ్గేసింది, నవ్వొచ్చింది.

ఆ నలుపు కూడా నలుపు కాదు. ఈకల మీద వెలుతురు పడే వాటాన్ని బట్టి వచ్చే రంగు అది. జులై మబ్బులో బొగ్గుముక్క. మొన్న ఎనిమిదింటి ఎండలో మెడ తిప్పితే నెమలికంఠం రంగు, మళ్ళీ తిప్పితే వంకాయ. మంచి ఫోటో కోసం ఆ వంకాయ రంగువే ఉంచుకుని, మచ్చల మచ్చల డిసెంబరు ఫోటో చెరిపేయబోయాను. అది చెరిపేసి ఉంటే నా లెక్కలో ఇంకా రెండు పిట్టలే ఉండేవి.

నాన్నకి చూపిస్తే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "గిజిగాడు మాత్రం? వానలు పడితే పెళ్ళికొడుకులా పసుపు తలపాగా చుడతాడు, పంట కోతలయ్యేసరికి పిచికల్లో కలిసిపోతాడు. నీ కంప్యూటరుకి ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు. చెరిపేసినవాటిలో ఇరవైదాకా వెనక్కి తెచ్చుకున్నాను. డిస్కులో చోటు సంగతి తర్వాత.

సాయంత్రం ఆరవుతుండగా వీధరుగు మీంచి నాన్న కేక. "ఒరేయ్, గుడ్డికొంగ వచ్చింది, దా." శుక్లాల ఆపరేషనయ్యాక ఇలాంటివన్నీ నాకంటే ముందు ఆయనకే కనిపిస్తున్నాయి. కెమెరాలో కార్డు లేదు, లాప్‌టాప్‌లో ఉండిపోయింది. ఉత్త చేతుల్తోనే వెళ్ళాను.

ఇంటెదురు మురుక్కాలవ అంచున నిలబడి ఉంది. మనిషి దగ్గరికొచ్చినా కదలదు, అందుకే గుడ్డిదని ఆ పేరు. చలికాలమంతా మట్టిరంగు చారలతో బురదలో కలిసిపోయి ఉండేది. ఇప్పుడు వీపు మీద ఒక పక్క ముదురు ఇటుకరంగు పరుచుకుంటోంది, రెండో పక్క ఇంకా పాత గోధుమరంగే. దర్జీ దగ్గర సగం కుట్టిన చొక్కా తొడుక్కొచ్చినట్టు.

"తలమీద పొడుగు ఈక వచ్చిందా?" అన్నాడు నాన్న.

"ఇంకా లేదు."

పాలబండి వచ్చింది. అప్పటిదాకా రాయిలా ఉన్నది ఒక్కసారి లేచి, రెండు తెల్లటి రెక్కలు చూపించి గోడ దాటిపోయింది. అమ్మాయి మేడ మీంచి "ఏంటి నాన్నా అది, తెల్లకొంగా?" అని అరిచింది.

నోటుబుక్కులో రాశాను: గుడ్డికొంగ, 1. వీపు సగం మారింది.