సబ్బు రాసుకుని కళ్ళు మూస్తే తూలు

షుగర్‌కి ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. రీడింగులు బాగానే ఉన్నా, పోయినేడు మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే ఒంట్లో ఓపిక ఉండేది కాదు. "షుగరున్నాక ఆమాత్రం నీరసం ఉంటుందిలే వదినా" అంది మా ఆడపడుచు. కళ్ళు తిరగడం మొదలయ్యాక దాన్ని మెడనరాల ఖాతాలో వేశారు. మెడపట్టీ కూడా కొన్నాం.

గది గిర్రున తిరిగేది కాదు. కూర్చుని లేస్తే కళ్ళు బైర్లు కమ్మేవి. పొద్దున్నే ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూస్తే చాలు, ఒళ్ళు పక్కకి తూలిపోయేది. ఒక చేత్తో గోడ పట్టుకుని ముఖం కడుక్కునేదాన్ని. అరికాళ్ళలో తిమ్మిర్లు సరేసరి. నాలుక నున్నగా అయి ఆవకాయ తగిలితే భగ్గుమనేది. నాకు అన్నిటికన్నా బాధ అదే!

డాక్టరుగారు ఈ సబ్బు సంగతి వినగానే పాదాలు దగ్గరపెట్టి కళ్ళు మూసుకోమన్నారు. ఊగిపోయాను. కొడితే అదిరే ఇనుప పుల్ల, ట్యూనింగ్ ఫోర్క్, కాలి బొటనవేలికి ఆనిస్తే అదురు తెలియలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.9. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 100 దాటకూడదు, నాకు 114. విటమిన్ బి12 అయితే 110 పికోగ్రాములే. 200 లోపుంటే లోపం కిందే లెక్క.

ఆయన చెప్పింది ఇదీ. బి12 చాలకపోతే ఎముక మూలుగలో ఎర్రకణాలు తక్కువగా, మామూలుకన్నా పెద్దగా తయారవుతాయి. ఒంటికి ఆక్సిజన్ సరిగా అందక నీరసం, లేవగానే కళ్ళు తిరగడం. ఇంకోపక్క నరాల పైపొర దెబ్బతిని, పాదం ఎలా ఆనిందో మెదడుకి కబురు వెళ్ళదు. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ చూపు ఆ లోటు పూడుస్తుంది. మూస్తే తూలడమే.

బి12 ముఖ్యంగా మాంసం, గుడ్లు, పాలలోనే దొరుకుతుంది. మా ఇంట్లో గుడ్డు కూడా తినం. షుగర్ భయంతో పాలు మానేశాను. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడినా, రోజూ గ్యాస్ బిళ్ళ వేసుకున్నా బి12 ఒంటికి పట్టడం తగ్గుతుందట. కాలేయంలో నిల్వ కొన్నేళ్ళు లాక్కొస్తుంది కనుక ముందు ఏమీ తెలియదు.

ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు ఒక్కటే వేసుకోవద్దని గట్టిగా చెప్పారు. రక్తం మెరుగుపడినట్టే ఉంటుంది, నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. ఇంజెక్షన్లు మొదట్లో రోజు విడిచి రోజు, తర్వాత నెలకొకటి. నీరసం త్వరగానే పోయింది. తూలు తగ్గడానికి నెలలు పట్టింది. బొటనవేళ్ళలో తిమ్మిరి కొద్దిగా మిగిలింది, అది పూర్తిగా పోకపోవచ్చన్నారు. మెట్‌ఫార్మిన్ మాన్పించలేదు. ఇప్పుడు షుగర్ పరీక్షలతోపాటు ఏడాదికోసారి బి12 కూడా రాయించుకుంటున్నాను.