ముందు బొమ్మ, తరువాతే లెక్క

మా ఇంజనీరింగ్ కళాశాలలో ఏ శాఖలో చేరినా మొదటి సంవత్సరంలో ఇంజనీరింగ్ మెకానిక్స్ చదవవలసి ఉండేది. అందులో తొలి సగమైన స్టాటిక్స్‌ను, అంటే నిశ్చలంగా నిలిచిన వస్తువులపై పనిచేసే బలాల శాస్త్రాన్ని, మాకు నేర్పిన మాస్టారి పద్ధతి నా వృత్తి జీవితమంతటా నాకు ఆధారమైంది.

సూత్రాలు మాకు కొత్త కావు. ఒక తలంలోని వస్తువు సమతాస్థితిలో ఉండాలంటే అడ్డంగా పనిచేసే బలాల మొత్తం, నిలువుగా పనిచేసే బలాల మొత్తం, ఏ బిందువు చుట్టూనైనా మూమెంట్ల (అంటే బలాలు వస్తువును తిప్పే ప్రభావాల) మొత్తం సున్నా కావాలని ఇంటర్మీడియట్ నాటికే విన్నాము. అయితే ఆ మూడు సమీకరణాలను ఏ వస్తువుకు రాస్తున్నామో ముందుగా నిర్ణయించుకోవాలన్న స్పృహ మాకు మాస్టారి తరగతిలోనే కలిగింది. ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయనిదే ఆయన ఒక్క సమీకరణం కూడా రాయనిచ్చేవారు కారు. వస్తువును నేల, గోడ, తాడు, పిన్ను అన్నింటి నుంచి విడదీసి ఒంటరిగా గీయాలి. తొలగించిన ప్రతి ఆధారం చోటా అది వస్తువుపై చూపే బలాన్ని బాణం గుర్తుతో చూపాలి. నున్నటి తలం తనకు లంబంగా మాత్రమే నెడుతుంది, తాడు లాగగలదే గాని నెట్టలేదు, పిన్ను రెండు దిశల్లోనూ కదలనివ్వదు, రోలర్ ఒక్క దిశలోనే అడ్డుకుంటుంది. ఇవి తెలిసి గీసిన బొమ్మలో సగం లెక్క పూర్తయినట్లే.

నిచ్చెన లెక్కను ఆయన ఎంతో ఇష్టంగా చెప్పేవారు. 200 న్యూటన్ల బరువుగల నిచ్చెన నున్నటి గోడకు ఆని, నేలతో 60 డిగ్రీల కోణం చేస్తోందనుకుందాం. నిచ్చెన పాదం చుట్టూ మూమెంట్లు తీసుకుంటే అక్కడి రెండు అజ్ఞాత బలాలూ, అంటే నేల పైకి నెట్టే బలం, ఘర్షణ, సమీకరణంలోకే రావు. గోడ ప్రతిచర్య సుమారు 58 న్యూటన్లని వెంటనే తేలుతుంది. పాదం జారకుండా నేల అంతే ఘర్షణను ఇవ్వాలి కనుక ఘర్షణ గుణకం, అంటే ఘర్షణకు, నేల పైకి నెట్టే బలానికి ఉండగల గరిష్ఠ నిష్పత్తి, కనీసం 0.29 ఉండాలి. ఇప్పుడు 800 న్యూటన్ల బరువుగల మనిషి కొసదాకా ఎక్కితే కావలసిన గుణకం 0.52కు పెరుగుతుంది. కింది మెట్లపై ఉండగా నిలిచిన నిచ్చెన పైకి ఎక్కేకొద్దీ ఎందుకు జారుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే మార్గం నాకు తెలియదు. అదే నిచ్చెనను నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరం చొప్పున పాదాన్ని గోడకు దగ్గరగా జరిపి నిలబెడితే, మనిషి కొసన ఉన్నా 0.23 సరిపోతుంది. పనివారి భద్రతకు సంబంధించిన నియమం ఒకటి మూడు సమీకరణాల నుంచి పుట్టుకురావడం చూసి ఆనాడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తాజాగానే ఉంది.

ట్రస్‌ల (కడ్డీలను త్రిభుజాలుగా కలిపిన చట్రాల) పాఠానికి వచ్చాక రాజమహేంద్రవరం వద్ద 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెనను కొత్త దృష్టితో చూడగలిగాము. ఉక్కు త్రిభుజాల్లో ప్రతి కడ్డీ లాగబడుతోందో, నొక్కబడుతోందో తెలుసుకోవడానికి కడ్డీలు కలిసే ఒక్కొక్క కీలును విడిగా గీసి రెండేసి సమీకరణాలు రాయడం, లేదా ట్రస్‌ను ఊహలో కోసి ఒక ముక్కను మాత్రమే తీసుకోవడం అన్న రెండు పద్ధతులూ మళ్లీ ఆ ఫ్రీ బాడీ డయాగ్రమ్‌కే చెందినవి.

ఇటువంటి ట్రస్‌కు ఒక చివర పిన్ను, రెండో చివర రోలర్ ఎందుకని మాస్టారు అడిగిన ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. పిన్ను వద్ద రెండు, రోలర్ వద్ద ఒకటి, మొత్తం అజ్ఞాత బలాలు మూడే కావడంతో మూడు సమీకరణాలతో ఆధారాల ప్రతిచర్యలన్నీ తేలిపోతాయి. పైగా 91.5 మీటర్ల ఉక్కు ట్రస్ ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే సుమారు 33 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు చివర్లనూ బిగించివేస్తే ఆ సాగుదల స్తంభాలపైనా కడ్డీలపైనా అపారమైన ఒత్తిడిగా మారుతుంది, రోలర్ ఉంటే ఆ చివర తనంతట తాను జరుగుతుంది.