మోసం చుట్టూ తిరిగే ఇంగ్లిష్ ఇడియమ్స్‌ను నేను చదివిన పద్ధతి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ చదివినవారికి పెట్టే సీజీఎల్ పరీక్ష తుది ఫలితాల్లో నా రోల్ నంబరు కనిపించిన నాటి నుంచి జూనియర్ మిత్రులు నన్ను ఒకటే అడుగుతున్నారు: తెలుగు మీడియంలో చదివినవాడికి ఇంగ్లిష్‌లో అన్ని మార్కులు ఎలా వచ్చాయని. గ్రామర్‌కూ, పేరాలో ఖాళీలు పూరించే క్లోజ్ టెస్ట్‌కూ, ప్యాసేజీలకూ అందరూ చెప్పే పద్ధతినే నేనూ పాటించాను, సిలబస్ కూడా మీకు తెలిసిందే, కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నాకు గట్టి పట్టు చిక్కింది ఇడియమ్స్‌లో, అంటే జాతీయాలలో, అందులోనూ ఒకరిని ఏమార్చడం, మోసగించడం అనే అర్థంలో వచ్చేవాటిలో. వాటి గురించే రాస్తాను.

మార్కెట్లో దొరికే గైడ్లలో ఈ తరహా ఇడియమ్స్ అన్నింటికీ ఎదురుగా దాదాపు ఒకే అర్థం ఉంటుంది: మోసగించుట. పుల్ ద వూల్ ఓవర్ సమ్‌వన్స్ ఐస్ అన్నా అదే, టేక్ సమ్‌వన్ ఫర్ ఎ రైడ్ అన్నా అదే, డబుల్ క్రాస్ అన్నా అదే. పేపరు తయారుచేసేవారు మాత్రం నాలుగు ఆప్షన్లలో రెండింటిని మోసానికి సంబంధించినవే ఇచ్చి, వాటి మధ్య ఉన్న సన్నటి తేడా దగ్గరే మనల్ని నిలబెడతారు. ఆ తేడా తెలియనివాడు ఎన్ని వందల ఇడియమ్స్ బట్టీ పట్టినా ఆ బిట్టు దగ్గర లాటరీ వేయవలసిందే.

ఆ రోజుల్లో నేను తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రాత్రి పూట రిసెప్షన్‌లో పనిచేస్తూ పగలు చదువుకునేవాడిని. షోలాపూర్ నుంచి వచ్చిన ఒక కుటుంబానికి ఎవరో దళారి తారసపడి, మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఇప్పిస్తానని చెప్పి, దానికి ఎన్నో రెట్లు వసూలు చేశాడు. రెండు రోజుల పాటు ఇదిగో వస్తున్నాయి, అదిగో వస్తున్నాయి అని ఫోన్‌లోనే తిప్పించుకున్నాడు. చివరికి అతను చేతిలో పెట్టిన కాగితాలతో కొండెక్కి, క్యూ కాంప్లెక్స్ దగ్గర స్కానింగ్‌లో అవి నకిలీవని తేలి, వారు అర్ధరాత్రి దాటాక మళ్ళీ లాడ్జికి వచ్చారు. ఆ ఇంటి పెద్దావిడ ఆ కాగితాలను నా ముందు కౌంటరు మీద పరిచింది. అయిదింటి మీదా పేర్లు వేరుగా ఉన్నాయి, కింద ఉన్న టికెట్ నంబరు మాత్రం అయిదింటికీ ఒక్కటే. వారికి పోలీస్ స్టేషన్‌కు దారి చెప్పి పంపిన తరువాత నోట్‌బుక్ తెరిస్తే, నేను అప్పటిదాకా ఒకే గంపలో వేసి చదువుతున్న ఇడియమ్స్ ఆ ఒక్క మోసంలోనే అంచెలంచెలుగా విడివడి కనిపించాయి.

దళారి మొదటి రోజు చెప్పిన తీపి మాటలు లీడ్ సమ్‌వన్ అప్ ద గార్డెన్ పాత్. లేని ఆశ కల్పించి తప్పుదారిలో నడిపించడం అన్నమాట, మనం అరచేతిలో వైకుంఠం చూపించడం అంటామే, దానికి బాగా దగ్గర. ఇదిగో అదిగో అంటూ నాన్చి, ఆశ చావకుండా తిప్పించుకోవడం స్ట్రింగ్ సమ్‌వన్ అలాంగ్. ఆ కుటుంబం ఒక్క మాటనూ అనుమానించకుండా నమ్మడం హుక్, లైన్ అండ్ సింకర్. గాలంతో పాటు దారాన్నీ, సీసపు గుండునూ కూడా మింగేసిన చేప అందులో ఉంది. ఈ ఇడియమ్ మోసపోయినవారి నమ్మకాన్ని చెబుతుందే తప్ప మోసగాడి తెలివిని చెప్పదు, ఆప్షన్లు ఎంచుకునేటప్పుడు ఇది చాలా ముఖ్యం. పనికిరాని కాగితాన్ని విలువైన టికెట్‌గా అంటగట్టడం సెల్ సమ్‌వన్ ఎ పప్. మొత్తం వ్యవహారాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే టేక్ సమ్‌వన్ ఫర్ ఎ రైడ్, అంటే బురిడీ కొట్టించడం.

అంచెలు విడివడిన తరువాత మిగిలినవి వాటంతటవే సర్దుకున్నాయి. సెల్ ఎ పప్‌కు పక్కనే బై ఎ పిగ్ ఇన్ ఎ పోక్ రాసుకున్నాను. పోక్ అంటే పాత ఇంగ్లిష్ వాడుకలో సంచి, కాబట్టి సంచి విప్పి చూడకుండా సరుకు కొనడం దాని అర్థం. అక్కడ మోసగాడు ఉండి తీరాలన్న నియమం లేదు, చూడకుండా కొనడమే అసలు విషయం. పుల్ సమ్‌వన్స్ లెగ్‌లో ఎవరికీ నష్టం ఉండదు, అది ఆటపట్టించడం మాత్రమే. వూల్ ఉన్న ఇడియమ్ నిజం కనబడకుండా కళ్ళకు గంతలు కట్టడాన్ని చెబుతుంది. రెడ్ హెరింగ్‌లో అబద్ధం చెప్పవలసిన అవసరం కూడా లేదు, దృష్టిని అసలు విషయం నుంచి పక్కకు మళ్ళిస్తే చాలు. డబుల్ క్రాస్‌కూ, సెల్ సమ్‌వన్ డౌన్ ద రివర్‌కూ మాత్రం ముందుగా నమ్మకమో ఒప్పందమో ఉండి తీరాలి. ముక్కూముఖం తెలియని దళారి యాత్రికుణ్ణి డబుల్ క్రాస్ చేశాడనడం కుదరదు, తనతో వాటా కుదుర్చుకున్న మరో దళారిని చేయగలడు.

పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఇడియమ్ మరిచిపోవడం కష్టమని నా గట్టి నమ్మకం. అమెరికాలో బానిసత్వం ఉన్న కాలంలో ఎగువ రాష్ట్రాల బానిసలను మిసిసిపీ నది దిగువన ఉన్న దక్షిణాది తోటలకు అమ్మేసేవారు. అక్కడి చాకిరీ మరింత క్రూరంగా ఉండేది. ఆ చరిత్ర చదివినవాడికి సెల్ డౌన్ ద రివర్ అంటే నమ్మినవారిని నట్టేట ముంచడమని వేరే చెప్పనక్కరలేదు. ఉప్పు పట్టించి పొగబెట్టిన హెరింగ్ చేప ఎర్రబడుతుంది. దాని వాసనతో వేటకుక్కలను దారి మళ్ళించిన కథను 1807లో విలియం కాబెట్ అనే ఆంగ్ల పాత్రికేయుడు తన పత్రికలో రాసి, నెపోలియన్ ఓడిపోయాడన్న తప్పుడు వార్త వెంట పడిన పత్రికలను విమర్శించాడు. నమ్మించి దోచుకునేవాడిని అనే కాన్ మ్యాన్ మాట మూలం 1849 నాటి న్యూయార్క్‌లో ఉంది. విలియం థాంప్సన్ అనేవాడు దారినపోయే పెద్దమనుషులతో మాట కలిపి, నా మీద నమ్మకముంటే రేపటి దాకా మీ గడియారం ఇవ్వండి అని అడిగి, పట్టుకుపోయేవాడు. పత్రికలు వాడికి కాన్ఫిడెన్స్ మ్యాన్ అని పేరు పెట్టాయి, అదే తరువాత కాన్ మ్యాన్‌గా కురచైంది.

ఒకటి రెండు బిట్ల కోసం ఇంత శ్రమ అవసరమా అని మా రూమ్‌లో వాళ్ళే అన్నారు. అవసరమేనని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. సీజీఎల్ రెండో దశ పరీక్ష అయిన టైర్-2లో సరైన జవాబుకు 3 మార్కులు వస్తాయి, తప్పుకు 1 మార్కు పోతుంది. అంటే ఒక్క బిట్టు దగ్గర ఇద్దరు అభ్యర్థుల మధ్య తేడా 4 మార్కులు, ఆ నాలుగు మార్కులలోనే పోస్టు మారిపోతుంది. రాత్రి డ్యూటీ దిగి, స్నానం చేసి, ఎస్వీ యూనివర్సిటీలో చెట్ల కింద కూర్చుని ఆ పేజీలు తిరగేయకుండా నేను ఏ రోజూ పడుకోలేదు. చదివే సమయం లేదనేవారిని నేను ఒప్పుకోను. ఫోన్‌లో వీడియోలు చూడటానికి దొరికే సమయం రివిజన్‌కు దొరకదంటే నమ్మశక్యం కాదు. పీడీఎఫ్‌లు పోగుచేసుకోవడం మానేసి, ఒక్క నోట్‌బుక్‌లో సొంత చేతితో రాసుకోండి.

రాసుకునేటప్పుడు మోసాన్ని కనిపెట్టే ఇడియమ్స్‌ను ఎదుటి పేజీలో పెట్టుకోండి, ఎందుకంటే ఆప్షన్లలో ఈ రెండు వర్గాలనూ కలిపేస్తారు. స్మెల్ ఎ ర్యాట్ అంటే ఏదో తిరకాసు ఉందన్న అనుమానం మాత్రమే. సీ త్రూ అంటే అసలు రంగు తెలిసిపోవడం. కాల్ సమ్‌వన్స్ బ్లఫ్ అంటే చేతనైతే చేసి చూపించమని ఎదుటివాడిని నిలదీయడం. లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్‌లో కనిపెట్టడం ఉండదు, లోపలివారే నోరు జారి గుట్టు బయటపెడతారు. క్రై వుల్ఫ్‌ను ఈ పేజీలో రాయకండి, అది లేని ఆపద వచ్చిందని అరిచి నమ్మించడం కాబట్టి మొదటి పేజీలోకే వెళ్తుంది.